ఏ గ్రూపు మంచిది? — డిగ్రీలో ప్రధాన విషయమును ఎన్నుకొనుట

ప్రతి సంవత్సరమూ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే కామారెడ్డిలోని డిగ్రీ అధ్యాపకులకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "సార్, ఏ గ్రూపు మంచిది?" అడిగేవారిలో చాలామంది ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట వైపు నుండి ఉదయపు బస్సెక్కి వచ్చినవారు. చేతిలో మార్కుల మెమో ఉంటుంది. పక్కన తండ్రో, అన్నయ్యో ఉంటారు. ఇంటర్‌నెట్ కేంద్రములో కంప్యూటరు తెరపై ఎం.పి.సి., ఎం.పి.సి.ఎస్., బి.జెడ్.సి. అని పొడి అక్షరాల వరుస కనబడుతుంది. వెనుక మరి పదిమంది నిలబడి ఉంటారు. మూడు సంవత్సరాల చదువును, ఒక్కొక్కప్పుడు ముప్పై సంవత్సరాల బ్రతుకును, పది నిమిషాలలో తేల్చవలసి వస్తుంది.

"మంచిది" అనే మాట ఇక్కడ అసంపూర్ణమైనది. ఏ ద్రావణి మంచిదని రసాయన శాస్త్రజ్ఞుని అడిగితే, "దేనిని కరిగించుటకు?" అని ఆయన తిరిగి అడుగుతాడు. ఉప్పునకు నీరు మంచిది. మైనమునకు నీరు పనికిరాదు. గ్రూపు సంగతియూ అంతే. కాబట్టి ఆ ప్రశ్నను రెండుగా విడదీసి చూడవలెను. నా మనస్సు ఎట్టి ప్రశ్నల వైపు పోతున్నది? ఈ గ్రూపు తీసుకొన్న తరువాత నాకు ఏ దారులు మూసుకొనిపోతాయి, ఏవి తెరచి ఉంటాయి? ఈ రెండింటికీ జవాబు తెలిసిన విద్యార్థి తెర ముందు తడబడడు.

మేజరు అనగా నేమి?

అమెరికాలోని విశ్వవిద్యాలయాలలో విద్యార్థి సాధారణముగా ఏ విషయమునకూ కట్టుబడకుండా చేరుతాడు. మొదటి రెండు సంవత్సరాలు నాలుగైదు శాస్త్రాలను రుచి చూచి, రెండవ సంవత్సరపు చివర "నా ప్రధాన విషయము ఇది" అని లిఖితపూర్వకముగా ప్రకటిస్తాడు. దానినే వారు మేజరు అంటారు. 1869 నుండి 1909 వరకు హార్వర్డు విశ్వవిద్యాలయపు అధ్యక్షుడైన చార్లెస్ ఇలియట్, విద్యార్థి తన పాఠ్యాంశాలను తానే ఎన్నుకొనే స్వేచ్ఛను బాగా పెంచినాడు. అయితే ఆ స్వేచ్ఛ వలన కొందరు ఏ శాస్త్రములోనూ లోతుకు పోకుండా తేలికపాటి పాఠాలను ఏరుకొని పట్టభద్రులైనారు. ఆయన తరువాత వచ్చిన లోవెల్ దానికి ఒక కట్టుబాటు పెట్టినాడు: ఒక విషయములో లోతు ఉండవలెను, మిగిలిన వానిలో వెడల్పు ఉండవలెను. మేజరు అనే భావనకు మూలము ఈ లోతు-వెడల్పుల పొత్తే.

మన దగ్గర పద్ధతి వేరు. ఎన్నిక మూడుచోట్ల జరుగుతుంది. మొదటిది పదవ తరగతి తరువాత: ఎం.పి.సి.యా, బై.పి.సి.యా, సి.ఇ.సి.యా? రెండవది ఇంటర్మీడియట్ తరువాత డిగ్రీలో చేరునప్పుడు. మూడవది డిగ్రీ తరువాత ఎం.ఎస్‌సి., ఎం.ఏ., బి.ఇడి. వంటి వానికి పోవునప్పుడు. అమెరికా విద్యార్థి ఇరవై ఏండ్లకు చేసే ఎన్నికలో సగము మనవాడు పదిహేను ఏండ్లకే చేసివేస్తాడు. కాబట్టి హైస్కూలు ఉపాధ్యాయులకు కూడ ఈ విషయముతో సంబంధము ఉన్నది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము నీడలోనే మన ప్రాంతపు డిగ్రీ చదువు పెరిగినది. నిజామాబాదు జిల్లాకు ప్రత్యేకముగా తెలంగాణ విశ్వవిద్యాలయము 2006లో డిచ్‌పల్లి వద్ద ఏర్పడినది. దాని దక్షిణ ప్రాంగణము కామారెడ్డి సమీపములోని భిక్కనూరులో ఉన్నది. ఈ విశ్వవిద్యాలయాల బి.ఎస్‌సి.లో చిరకాలముగా ఉన్న ఏర్పాటు మూడు ఐచ్ఛిక విషయాలది. గణితము, భౌతికము, రసాయనము ఒక జట్టు. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనము మరొక జట్టు. మూడింటికీ సమాన గౌరవమే. అన్నదమ్ములు ముగ్గురు ఆస్తిని సమానముగా పంచుకొన్నట్లు ఉంటుంది. పెద్దవాడని ఒకనికి ఎక్కువ వాటా లేదు. ఈ పద్ధతిలో ఒక గుణము, ఒక లోపము ఉన్నాయి. పై చదువునకు మూడు దారులుంటాయి, అది గుణము. ఏ ఒక్కదానిలోనూ తగినంత లోతు రాకపోవచ్చును, అది లోపము.

ఇటీవలి కాలములో ఈ ఏర్పాటు కదలినది. 2016–17లో తెలంగాణ విశ్వవిద్యాలయాలలో క్రెడిట్ల పద్ధతి వచ్చినది. 2020 తర్వాతి సంవత్సరాలలో "బకెట్" అనే పేరుతో, నిర్ణీతమైన జట్లకు బదులు విద్యార్థి వేరువేరు బుట్టలలో నుండి విషయాలను ఏరుకొనే వీలు కొంత కలిగినది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన నమూనాలో మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో కనీసము 60 ఒకే ప్రధాన విషయమునకు. నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీకి 160, అందులో 80 ప్రధాన విషయమునకు. అనగా సగము లోతుకు, సగము వెడల్పుకు. ఆంధ్రప్రదేశ్ 2023–24లో ఒకే ప్రధాన విషయము గల డిగ్రీని ప్రవేశపెట్టినది. ఇట్టి నియమాలు తరచు మారుతాయి. అన్నయ్య చేరిన నాటి నియమము తమ్మునికి వర్తింపకపోవచ్చును. కనుక చేరే సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదువుకొనవలెను. అయితే నియమాలు ఎన్ని మారినా, ఎన్నిక వెనుకనున్న తర్కము మారదు.

కాలువకు వెనుకకు పారుట లేదు

ఎల్లారెడ్డికి దగ్గరలోనే మంజీరా నదిపై నిజాంసాగర్ ఉన్నది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన జలాశయమిది. దాని ప్రధాన కాలువ వెంట నడచిన రైతుబిడ్డలకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. ప్రధాన కాలువలో ఉన్నంతవరకు నీరు ఏ డిస్ట్రిబ్యూటరీకైనా పోగలదు. ఒక తూములో దిగిన తరువాత ఆ తూము కింది పొలాలకే పోతుంది. ఎదురెక్కి వెనుకకు రాదు. రావలెనంటే మోటారు పెట్టి ఎత్తిపోయవలెను, దానికి ఖర్చున్నది.

చదువులోనూ ఈ వాలు ఉన్నది. ఎం.పి.సి. చదివినవాడు డిగ్రీలో గణితము తీసుకొనవచ్చును, లేదా బి.ఏ.కు గాని బి.కాం.కు గాని పోవచ్చును. బి.ఏ. అర్థశాస్త్రము చదివినవాడు మనస్సు మారి ఎం.ఎస్‌సి. భౌతికశాస్త్రమునకు పోలేడు. బై.పి.సి. విద్యార్థికి జీవశాస్త్రాలు, రసాయనశాస్త్రము తెరచి ఉంటాయి. డిగ్రీలో గణితపు తలుపు సాధారణముగా మూసుకొని ఉంటుంది. ఎం.పి.సి. విద్యార్థికి జంతుశాస్త్రపు తలుపు అట్లే. ఇక ఏ డిగ్రీ అయినా పనికివచ్చే దారులు కొన్ని ఉన్నాయి: గ్రూప్-1 వంటి పోటీ పరీక్షలు, న్యాయశాస్త్రము, ఎం.బి.ఏ. వీటి కోసమే అయితే గ్రూపు గురించి అంత ఆందోళన అనవసరము.

తూము తప్పితే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూతము. ఎల్లారెడ్డి దగ్గరి గ్రామములో బై.పి.సి. చదివిన ఒక అమ్మాయిని ఊహించుకొందము. తమ ఊరి హైస్కూలులో జీవశాస్త్రము చెప్పవలెనని ఆమె కోరిక. కంప్యూటరు ఉన్న గ్రూపునకు విలువ ఎక్కువని ఎవరో చెప్పగా విని, వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, కంప్యూటరు అనువర్తనాలు అనే జట్టును తీసుకొన్నది. మూడేండ్లు శ్రద్ధగా చదివినది, మంచి మార్కులు వచ్చినవి. తరువాత ఉపాధ్యాయ నియామకపు ప్రకటన చూస్తే, జీవశాస్త్ర ఉపాధ్యాయ పదవికి వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము వంటి జాబితాలో కనీసము రెండు విషయాలు డిగ్రీలో ఉండవలెనని కనబడినది. ఆమెకు ఉన్నది ఒక్కటే. ఆమె తెలివికి లోపము లేదు, శ్రమకు లోపము లేదు; చేరిననాడు ఒక ప్రకటన చదవకపోవుట ఒక్కటే లోపము. కంప్యూటరు గ్రూపు చెడ్డదని దీని అర్థము కాదు. ఆ కోరికకు ఆ గ్రూపు తగినది కాదు.

కాబట్టి గ్రూపును మొదటి నుండి కాక చివరి నుండి చదువవలెను. చేరదలచిన పదవికో, పై చదువుకో సంబంధించిన ప్రకటనను ఒకదానిని తీసుకొని, "అర్హతలు" అనే భాగములో డిగ్రీ గురించి ఏమి వ్రాసినారో చూడవలెను. అక్కడ ఏ విషయాల పేర్లున్నవో అవి మన జట్టులో ఉన్నవో లేవో సరిచూసుకొనవలెను. ఇది అరగంట పని.

బెల్లపు ముద్ద ముందు ఐదుగురు

రెండవ ప్రశ్న కష్టమైనది: నా మనస్సు ఎటు పోతున్నది? దీనికి మార్కులు పూర్తి జవాబు చెప్పవు. ఒక విషయములో మార్కులు ఎక్కువ వచ్చుటకు ఉపాధ్యాయుడు బాగా చెప్పుట కారణము కావచ్చును, ప్రశ్నపత్రము తేలికగా ఉండుట కారణము కావచ్చును. అంతకంటె నమ్మదగిన పరీక్ష ఒకటి ఉన్నది. ఒకే వస్తువును చూచినప్పుడు మనకు ఏ ప్రశ్న పుడుతున్నదో గమనించవలెను.

కామారెడ్డి మార్కెట్టు బెల్లమునకు పేరు పొందినది గనుక బెల్లమునే తీసుకొందము. వానకాలములో బెల్లపు ముద్ద చెమ్మగిల్లి మెత్తబడి, ఒక్కొక్కప్పుడు జారిపోతుంది. కొందరి ఇంటి బెల్లము గట్టిగానే ఉంటుంది. దాని ముందు ఐదుగురు విద్యార్థులను నిలబెట్టుదము.

మొదటివాడు అడుగుతాడు: "ఇందులో ఏ పదార్థము ఏ పదార్థముగా మారినది?" చెరకులోని చక్కెర పేరు సూక్రోజు. పుల్లని రసములో, వేడి తగిలినప్పుడు, అది నీటితో కలిసి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా విడిపోతుంది. ఈ మిశ్రమమునకు గాలిలోని తేమను పీల్చే గుణము ఎక్కువ. అందుచేతనే బెల్లము చెమ్మగిల్లుతుంది. గానుగ దగ్గర రైతు చెరకు రసములో కొద్దిగా సున్నము కలుపుతాడు. రసములోని పులుపును సున్నము తగ్గిస్తుంది గనుక సూక్రోజు విడిపోవుట తగ్గి, బెల్లము గట్టిగా కట్టుతుంది. ఈ ప్రశ్న అడిగినవాడు రసాయనశాస్త్రపు మనిషి.

రెండవవాడు అడుగుతాడు: "కరిగిన చక్కెర కంటికి కనబడదు. అది ఎంత ఉన్నదో తాకకుండా ఎట్లు కొలుచుట?" 1815లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో, చక్కెర ద్రావణము గుండా ధ్రువణకాంతిని పంపితే ఆ కాంతితలము కొంత తిరుగుతుందని కనిపెట్టినాడు. సూక్రోజు దానిని కుడివైపునకు తిప్పుతుంది. దాని విశిష్ట భ్రమణము +66.5 డిగ్రీలు. గ్లూకోజుది +52.7, ఫ్రక్టోజుది సుమారు –92. చివరి రెండూ సమానముగా కలిసినప్పుడు సగటు ఎంతో విద్యార్థులే లెక్క వేయవచ్చును: సుమారు –20. అనగా సూక్రోజు విడిపోతున్న కొద్దీ కాంతి కుడినుండి ఎడమకు తిరుగుతుంది. ఈ తిరుగుటను చూచి సంతోషపడేవాడు భౌతికశాస్త్రపు మనిషి.

మూడవవాడు అడుగుతాడు: "ఎంత కాలములో ఎంత విడిపోతుంది? దీనికొక సూత్రము ఉన్నదా?" 1850లో జర్మనీలో విల్హెల్మీ ఈ ప్రశ్ననే అడిగినాడు. ఆమ్లము కలిపిన చక్కెర ద్రావణములో కాంతి ఎంత తిరిగినదో ఎప్పటికప్పుడు వ్రాసుకొని, మార్పు జరిగే వేగము ఏ క్షణములోనైనా మిగిలియున్న చక్కెరకు అనులోమానుపాతములో ఉంటుందని చూపినాడు. నూరు పాళ్ళు ఏబది అగుటకు ఎంత కాలము పడుతుందో, ఏబది ఇరువదియైదు అగుటకూ అంతే కాలము పడుతుంది. రసాయన చర్యల వేగమును గణితములో బంధించిన తొలి ప్రయత్నమిది. చక్కెర కంటె ఈ సూత్రమే ఎవనికి తీయగా ఉన్నదో వాడు గణితపు మనిషి.

నాలుగవది ఒక అమ్మాయి అనుకొందము. ఆమె అడుగుతుంది: "ఆమ్లము కలపకపోయినా తేనెలో సూక్రోజు ఎట్లు విడిపోయినది? కోసిన చెరకును నాలుగు రోజులు ఎండలో ఉంచితే తీపి ఎందుకు తగ్గుతుంది?" ఈ పనిని జీవులు ఒక ఎంజైముతో చేస్తాయి, తేనెటీగలో ఉన్నది, ఈస్టులో ఉన్నది, చెరకులోనూ ఉన్నది. దాని పేరు ఇన్వర్టేజు. 1913లో మికాయెలిస్, మాడ్ మెంటెన్ అనే ఇద్దరు ఈ ఎంజైమునే తీసుకొని, ఎంజైముల పని వేగమునకు నేటికీ కళాశాలలలో చెప్పే సూత్రమును స్థాపించినారు. మాడ్ మెంటెన్ వైద్యము చదివిన మహిళ. ఈ ప్రశ్న జీవశాస్త్రపు ప్రశ్న.

ఐదవవాడు వీరందరి మాటలూ విని అడుగుతాడు: "చెరకు కోసిన తరువాత ఫ్యాక్టరీ తూకము ఆలస్యమైతే తీపి తగ్గుతుందంటిరి. ఆ నష్టము రైతుదా, ఫ్యాక్టరీదా? ఎవరు నిర్ణయించవలెను?" ఇది అర్థశాస్త్రము, న్యాయశాస్త్రము అడిగే ప్రశ్న. సైన్సు చదివేవారి ప్రశ్నల కంటె ఇది తక్కువది కాదు. ఇట్టి ప్రశ్న సహజముగా పుట్టే విద్యార్థిని, మార్కులు వచ్చినవి గదా అని బలవంతముగా బి.ఎస్‌సి.లోకి నెట్టుట మంచిది కాదు.

ఈ ఐదు ప్రశ్నలలో తక్కినవారు చెప్పేవరకు ఆగలేక మనము ముందుగా అడిగేది ఏది? ఏ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాత కూడ "ఇంకా చెప్పండి" అనిపిస్తుంది? అదియే మన ప్రధాన విషయము. ఒక్క బెల్లముతో తేలకపోవచ్చును. చెరువు నీరు, ట్రాన్స్‌ఫార్మరు, పాలకేంద్రములోని లాక్టోమీటరు, ఇట్టివి నాలుగైదు వస్తువుల ముందు ఇదే పరీక్ష చేసి చూస్తే, మనస్సు మొగ్గు ఎటున్నదో తెలుస్తుంది.

ఉద్యోగము పోయినా విద్య మిగులుతుంది

"మనస్సు సంగతి సరే, ఉద్యోగము ఎందులో వస్తుంది?" అని తండ్రులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. మూడేండ్ల హాస్టలు ఖర్చు, బస్సు ఖర్చు భరించేది వారే.

దీనికి మన ప్రాంతపు చరిత్రయే కొంత జవాబు చెబుతుంది. నిజాంసాగర్ నీటితో బోధన్ ప్రాంతమున చెరకు సాగు విస్తరించినది. 1937లో అక్కడ నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడినది. చక్కెర కర్మాగారమునకు ప్రయోగశాల ప్రాణము. రసములో కరిగిన పదార్థము మొత్తమెంతో "బ్రిక్స్" అనే కొలతతోను, అందులో చక్కెర ఎంతో "పోల్" అనే కొలతతోను నిర్ణయిస్తారు. పోల్‌ను కొలిచేది పైన చెప్పిన ధ్రువణకాంతి పరికరమే. ఒక కాలములో మన జిల్లా రసాయనశాస్త్ర పట్టభద్రునికి చక్కెర ఫ్యాక్టరీ సహజమైన గమ్యస్థానము. ఆ బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఫ్యాక్టరీ పేరును చూచి చదివినవానికి దానితోపాటే దారి మూసుకొనిపోయినది. కొలతను నేర్చినవానికి అట్లు కాలేదు. ద్రావణమును కచ్చితముగా తయారుచేయుట, పరికరమును సరిచూచుకొనుట, పొరపాటు ఎంతవరకు ఉండవచ్చునో లెక్కవేయుట వచ్చినవానికి హైదరాబాదు ఔషధ పరిశ్రమలో పని ఉన్నది, పాల పరీక్షలో పని ఉన్నది, నీటి పరీక్షలో పని ఉన్నది. పరిశ్రమ కంటె శాస్త్రము ఎక్కువకాలము నిలుస్తుంది. అందుచేత "ఏ ఉద్యోగము?" అని అడుగుటతోపాటు "ఈ ఉద్యోగము లేకపోతే ఈ విద్య నన్ను ఇంకెక్కడికి తీసికొనిపోగలదు?" అని కూడ అడుగవలెను. గణితము, భౌతికము, రసాయనము వంటి మూలశాస్త్రాలకు ఉన్న బలము ఇదే.

మనకు తగిన శాస్త్రము పేరు కళాశాల జాబితాలో ఉండకపోవచ్చును కూడ. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో జన్మించిన తెలుగువాడు. విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితములో ఎం.ఏ. చేసినాడు. 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక శాస్త్ర సంస్థలో శిక్షణకు చేరినాడు. అక్కడ దొరికినది ఆయన జీవితపు శాస్త్రము. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయములో సాంఖ్యకశాస్త్రములో ఎం.ఏ. పూర్తిచేసి, 1945లో ప్రచురించిన వ్యాసముతో ప్రపంచ ప్రఖ్యాతుడైనాడు. 2023లో నూట రెండేండ్ల వయస్సులో మరణించినాడు. గణితము అనే ప్రధాన కాలువలో ఉన్నాడు గనుక కొత్త తూము కనబడగానే అందులోకి పోగలిగినాడు.

భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివినాడు. అయినా ఆయన పేరు నిలబెట్టిన పని రసాయనశాస్త్రములోనిది. రక్తములోను, కణజాలములోను ఉన్న ఫాస్ఫరస్‌ను రంగునుబట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి హార్వర్డులో ప్రకటించినాడు. 1930లో అక్కడే డాక్టరేటు పొందినాడు. తూము మారుట అసాధ్యము కాదని ఈ జీవితము చెబుతుంది. అయితే ఎత్తిపోతకు ఖర్చున్నదని కూడ చెబుతుంది: డాక్టరేటు వచ్చేసరికి ఆయనకు ముప్పై ఐదు ఏండ్లు.

జాబితా వ్రాయుటలో గణితము

2016 నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు "దోస్త్" అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. విద్యార్థి తనకు ఇష్టమైన కళాశాల-గ్రూపు జంటలను వరుసగా వ్రాసి ఇస్తాడు. ఇంటర్మీడియట్ మార్కులను, రిజర్వేషన్లను అనుసరించి సీట్లు కేటాయిస్తారు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "మొదటి ఇష్టము దొరకదేమో, దానిని పైన వ్రాస్తే రెండవది కూడ పోతుంది" అని భయపడి, తేలికగా దొరికేదానిని పైన వ్రాస్తారు. ఈ భయమునకు ఆధారము లేదు. ఎందుకో చూడండి. మార్కుల వరుసలో మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పై నుండి కిందికి చదువుతారు. మొదటిదానిలో సీటు ఉంటే ఇస్తారు. లేకపోతే వెంటనే రెండవది చూస్తారు. మీకంటె తక్కువ మార్కులవాని వంతు ఇంకా రాలేదు గనుక, ఆ రెండవదానిని అతడు ముందుగా తీసుకొనిపోలేడు. కాబట్టి అందనిదానిని పైన వ్రాసినందువలన నష్టము లేదు. అందుబాటులో ఉన్నదానిని పైన వ్రాసినందువలన మాత్రము నష్టము ఉన్నది: ఇంకా మంచిది దొరికేదై ఉన్నా, అది మీకు రాదు.

ఇట్టి కేటాయింపుల గణితమును 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు అమెరికను శాస్త్రజ్ఞులు, కళాశాల ప్రవేశాలనే ఉదాహరణగా తీసుకొని వ్రాసినారు. ఈ మార్గములో చేసిన కృషికి 2012లో షాప్లీకి, ఆల్విన్ రోత్‌కు అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చినది. కనుక జాబితాకు నియమాలు మూడే. నిజమైన ఇష్టాల వరుసలోనే వ్రాయవలెను. జాబితా పొడవుగా ఉండవలెను. చేరుటకు ఇష్టము లేనిదానిని అసలు వ్రాయరాదు. సీటు వచ్చిన తరువాత అదే కళాశాలలో గ్రూపు మార్చుకొనుటకు ఒక దశను కూడ దోస్త్‌లో కల్పిస్తూ వచ్చినారు. తరగతులకు వెళ్ళిన మొదటి వారాలలోనే పొరపాటు తెలిసినవారు ఆ అవకాశమున్నదేమో వెంటనే అడుగవలెను. ఏడాది గడచిన తరువాత తెలిసి ప్రయోజనము లేదు.

దూరము కూడ ఒక లెక్కయే

ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. ఎల్లారెడ్డికి రైలు లేదు; బస్సే ఆధారము. ఇష్టమైన గ్రూపు దూరముగా ఉండి, ఇష్టము లేనిది ఊరి దగ్గర ఉంటే ఏమి చేయవలెను? ముఖ్యముగా ఆడపిల్లల విషయములో ఈ ప్రశ్నయే నిర్ణయాన్ని శాసిస్తున్నది. దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. కాని దూరమును చెప్పకుండా గ్రూపు గురించి మాత్రమే మాట్లాడేవారి సలహా సగము సలహా. రోజుకు మూడు గంటలు బస్సులో గడిపే విద్యార్థిని ప్రయోగశాలలో సాయంత్రము వరకు ఉండలేదు. హాస్టలు సీటు దొరుకుతుందా, విద్యార్థి బస్‌పాసు ఉన్నదా, ప్రయోగాలు ఏ వేళకు జరుగుతాయి, ఈ మూడూ ముందుగా కనుక్కొనవలెను. వీలైతే చేరకముందే ఒకరోజు కళాశాలకు పోయి, ప్రయోగశాల తలుపు తెరచి ఉన్నదా, బల్లల మీద పరికరాలు వాడుకలో ఉన్నవా అని కంటితో చూచి రావలెను. ప్రయోగాలు జరగని చోట సైన్సు గ్రూపు చదువుట, బొమ్మ చూచి ఈత నేర్చుకొనుట వంటిది.

ఉపాధ్యాయులు చేయదగినది

మొదటి ఎన్నిక పదవ తరగతి గదిలోనే జరుగుతున్నది గనుక, హైస్కూలు ఉపాధ్యాయుల సహాయము కళాశాల అధ్యాపకుల సలహా కంటె ముందుగా అందుతుంది. వారు చేయదగినది పెద్ద పనియేమీ కాదు. నెలకొకసారి ఒక వస్తువును బల్లమీద పెట్టి, జవాబులు చెప్పకుండా, పిల్లలచేత ప్రశ్నలు మాత్రమే వ్రాయించవలెను. ఎవరి ప్రశ్నలు ఎటువైపు పోతున్నవో ఒక నోటుపుస్తకములో గుర్తుపెట్టుకొనవలెను. సంవత్సరాంతమున తండ్రి వచ్చి "మావాడిని దేనిలో వేయమంటారు?" అని అడిగినప్పుడు, మార్కుల రిజిష్టరుతోపాటు ఆ నోటుపుస్తకమును కూడ తెరచి చూపవచ్చును.

ఎనిమిదవ తరగతిలోనే గణితమును చూచి భయపడి, బై.పి.సి. వైపో, ఇంకొక వైపో పారిపోయే పిల్లలు ప్రతి పాఠశాలలోనూ ఉంటారు. వారిలో కొందరు నిజముగా జీవశాస్త్రపు పిల్లలే. మరికొందరు భిన్నాల దగ్గర ఒక మెట్టు తప్పినవారు మాత్రమే. ఆ మెట్టు ఎక్కించితే గణితపు తలుపు వారికి తెరచి ఉంటుంది. భయము వలన మూసుకొన్న తలుపును, ఇష్టముతో ఎన్నుకొన్న దారి అని పొరబడకుండ చూచుట ఉపాధ్యాయుని బాధ్యత.

ఇక విద్యార్థి తెర ముందు కూర్చొనే ముందు తెల్లకాగితముపై మూడు వాక్యాలు వ్రాసుకొని పోవలెను. నన్ను వదలని ప్రశ్న ఇది. నేను పోదలచిన చోట డిగ్రీలో అడిగే విషయాలు ఇవి. ఇవి కుదరకపోతే ఈ గ్రూపుతో నేను పోగల రెండవ దారి ఇది. ఆ కాగితము చేతిలో ఉన్న విద్యార్థికి "ఏ గ్రూపు మంచిది?" అని ఎవరినీ అడుగవలసిన అవసరము అంతగా ఉండదు.